పోలీసు ఆపితే ఎంత ఇవ్వాలి? ట్రాఫిక్ ఫైన్లపై అపోహలు - వాస్తవాలు

డ్రైవింగ్ స్కూల్ నడుపుతున్నాను. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు మొదటి వారంలోనే అడిగే ప్రశ్న ఇది: "సార్, పోలీసు ఆపితే ఎంత ఇవ్వాలి?" వినగానే మనసు చివుక్కుమంటుంది.

అపోహ: ఫైన్లు పెంచింది పోలీసులు తినడానికే.

వాస్తవం: పెంచింది పార్లమెంటు. మోటారు వాహనాల సవరణ చట్టంతో 2019 సెప్టెంబర్ 1 నుంచి హెల్మెట్ ఫైన్ 100 నుంచి 1000 రూపాయలకు, లైసెన్స్ లేకుండా నడిపితే వేసేది 500 నుంచి 5000కు పెరిగాయి. కోర్టుకు వెళ్లకుండా కట్టే మొత్తాన్ని రాష్ట్రాలు నిర్ణయించుకోవచ్చు. అందుకే గుజరాత్ హెల్మెట్ ఫైన్‌ను 500కు తగ్గించింది, తెలంగాణ పెంపును వెంటనే అమలు చేయలేదు.

అయినా జనం కోపంలో న్యాయం ఉంది. ఫైన్ వంద ఉన్నప్పుడు బేరం యాభై దగ్గర తెగేది. వెయ్యి అయ్యాక రెండు, మూడు వందలకు పోయింది. ఆ మాట ఒప్పుకోకుండా డ్రైవర్లకు నీతులు చెప్పడం నాకిష్టం ఉండదు.

అపోహ: చేతిలో నోటు పెడితే చవకలో పోతుంది.

వాస్తవం: మా దగ్గర కారు నేర్చుకునే ఒక కుర్రాడు హెల్మెట్ లేకుండా బైక్ మీద దొరికాడు. "చలానా రాయమంటావా, చూసుకుందామా?" అన్నారట. ఆర్‌సీ కార్డు కింద రెండొందల నోటు మడిచి పెట్టి ఇచ్చాడు. కార్డు తిరిగొచ్చింది. మూడో రోజు ఫోన్‌కు చలానా వచ్చింది. ఫోటోలో అదే జంక్షన్, అతన్ని ఆపడానికి ఐదు నిమిషాల ముందు టైమ్. హెల్మెట్ బండి అద్దానికి వేలాడుతోంది. ఫోన్ నా చేతికిచ్చి తల దించుకున్నాడు.

డబ్బు పోయింది సరే, పైగా అది నేరం. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ ప్రకారం లంచం ఇచ్చినవాళ్లకూ శిక్ష ఉంది. బలవంతపెడితే ఇచ్చినవాళ్లు 7 రోజుల్లోపు ఫిర్యాదు చేస్తే ఆ శిక్ష వర్తించదు. అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) టోల్‌ఫ్రీ నంబర్ 1064. అసలు అంతదాకా రాకుండా, "చలానా రాయండి సార్, స్లిప్ ఇవ్వండి" అని మర్యాదగా అడగండి. తప్పు చేశాం కాబట్టి కట్టేద్దాం, కానీ ఆ డబ్బు ఖజానాకు చేరాలి.

అపోహ: పోలీసులకు ఫైన్ ఉండదు.

వాస్తవం: ట్రాఫిక్ చట్టాన్ని అమలు చేసే అధికారి తనే ఉల్లంఘిస్తే రెట్టింపు. సెక్షన్ 210బి.

అపోహ: ఫోన్‌లో చూపించే కాగితాలు చెల్లవు.

వాస్తవం: డిజిలాకర్, ఎంపరివాహన్ యాప్‌లలోని లైసెన్స్, ఆర్‌సీ చెల్లుతాయి. గ్యాలరీలో దాచుకున్న ఫోటో మాత్రం పనికిరాదు. "ఒరిజినల్ ఏది?" అన్న టెన్షన్‌లోనే చాలామంది జేబులో చెయ్యి పెడతారు. అందుకే మా స్కూల్లో లైసెన్స్ చేతికి వచ్చిన రోజునే డిజిలాకర్ ఓపెన్ చేయించి, ఇంటర్నెట్ ఉన్నప్పుడే కాగితాలన్నీ అందులోకి తెప్పిస్తున్నాను.