నీళ్ళు మారిస్తే చేపలు చచ్చిపోతాయా? పెద్ద ట్యాంకులపై అపోహలు, వాస్తవాలు

పెద్ద ట్యాంకులు చూసుకునే పనిలో నాకు పదే పదే వినిపించే మాట ఒకటుంది. "ముట్టుకోనన్నాళ్ళూ బాగానే ఉన్నాయండీ, నీళ్ళు మార్చగానే పోయాయి." చెప్పేవాళ్ళు అబద్ధం చెప్పట్లేదు, నిజంగానే అలా జరుగుతుంది. కానీ దాన్నుంచి "అసలు మార్చకూడదు" అని తేల్చేసుకుని, ఇంకో నలుగురికి సలహా కూడా ఇస్తారు చూడండి, అక్కడే నాకు ఒళ్ళు మండుతుంది.

ఫిల్టర్ మురికిని మాయం చేయదు, రూపం మారుస్తుందంతే. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది, నైట్రైట్ నైట్రేట్ అవుతుంది, ఆ నైట్రేట్ నీళ్ళలోనే ఉండిపోతుంది. ఈ క్రమంలో కేహెచ్, అంటే పీహెచ్ పడిపోకుండా ఆపే ఆల్కలినిటీ (క్షారత్వం) కూడా ఖర్చవుతుంది. ఒక గ్రాము అమ్మోనియా నైట్రోజన్ నైట్రేట్‌గా మారడానికి 7 గ్రాములకు పైగా ఆల్కలినిటీ పోతుంది. నెలల తరబడి నీళ్ళు మార్చకపోతే కేహెచ్ అయిపోయి పీహెచ్ జారుతుంది (నీళ్ళు ఆమ్లం వైపు వెళ్తాయి), బ్యాక్టీరియా మందగిస్తుంది, అమ్మోనియా పేరుకుంటుంది. అయితే తక్కువ పీహెచ్‌లో అది దాదాపు అంతా అంతగా విషం కాని అమ్మోనియం రూపంలో ఉంటుంది కాబట్టి చేపలు ఎలాగో నెట్టుకొస్తాయి. నీళ్ళేమో అద్దంలా ఉంటాయి!

ఇప్పుడు సగం నీళ్ళు ఒకేసారి మార్చారనుకోండి. పీహెచ్ 6.5 నుంచి 7.5కి ఎక్కితే అమ్మోనియాలో విషపు వాటా దాదాపు 10 రెట్లవుతుంది. సగం తోడేసినా, ట్యాంకులో ముందున్న విషానికి 5 రెట్లు మిగిలే ఉంటుంది. చంపింది కొత్త నీళ్ళు కాదు, మార్చకుండా వదిలేసిన ఆ నెలలు.

ఒకాయన ఆస్కార్ చేపల ట్యాంకు ఇలాగే అయింది. "అన్నా, అన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి" అని రాత్రిపూట ఫోన్. పాపం, ఫిల్టర్ చాలట్లేదేమోనని అప్పటికే ఇంకా పెద్ద క్యానిస్టర్ (ట్యాంకు బయట పెట్టే డబ్బా ఫిల్టర్) కొని పెట్టాడు. కొత్త నీళ్ళు పడకముందు పక్కన తీసిపెట్టిన బకెట్ నీళ్ళలో కేహెచ్ టెస్ట్ చేస్తే మొదటి చుక్కకే పసుపు రంగు తిరిగింది, అంటే కేహెచ్ లేనట్టే.

మీదీ ఇదే పరిస్థితైతే టెన్షన్ పడి ట్యాంకు ఖాళీ చేయకండి. ముందు ట్యాంకులోనూ కుళాయిలోనూ పీహెచ్, కేహెచ్ చూడండి, ట్యాంకులో అమ్మోనియా చూడండి. మేత బాగా తగ్గించి, రోజూ ఓ 10 శాతం చొప్పున మారుస్తూ, ట్యాంకు, కుళాయి రీడింగులు దగ్గరయ్యాక వారానికోసారి పెద్ద మార్పుకి వెళ్ళండి. ఎంత పెద్దదంటే లెక్క సులువే: వారానికి 10 పీపీఎం నైట్రేట్ పెరిగే ట్యాంకులో 10 శాతమే మారిస్తే అది 100 దాకా ఎక్కి ఆగుతుంది, 50 శాతం మారిస్తే 20 దగ్గర ఆగుతుంది. ఇందులో ఫిల్టర్ సైజు ఊసే లేదు, గమనించారా?

మిగతావి చకచకా. ఆవిరైనంత నీళ్ళు పోయడం నీళ్ళు మార్చడం కాదు. ఆవిరి పోతుంది, లవణాలు ఉండిపోతాయి. నీళ్ళు పట్టి ఒక రోజు ఉంచితే క్లోరిన్ పోవచ్చు గానీ క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన మందు) అంత తేలిగ్గా పోదు, డీక్లోరినేటర్ (వీటిని విరిచే ద్రావణం) వాడాల్సిందే. పైపు నేరుగా ట్యాంకులో పెట్టి నింపేవాళ్ళు ఆ డీక్లోరినేటర్‌ను మొత్తం ట్యాంకు లీటర్లకు లెక్కేసి ముందే కలపాలి. ఫిల్టర్ మీడియా (బ్యాక్టీరియా ఉండే స్పాంజ్ లాంటివి) మొత్తం ఒకేసారి కుళాయి కింద కడగొద్దు, తోడిన ట్యాంకు నీళ్ళలోనే కొంత కొంతగా పిండండి. కరెంటు గంటల తరబడి పోయి వస్తే క్యానిస్టర్‌ను అలాగే ఆన్ చేయకుండా, లోపల కుళ్ళిన నీళ్ళు పారబోసి, మీడియా కడిగి అప్పుడు తిప్పండి.