ఇంట్లో మనిషిని పెట్టడం

భీమవరం, తణుకు, అమలాపురం లాంటి ఊళ్ళలో ట్యూషన్ల కాగితాల పక్కనే ఇప్పుడు ఇంకో రకం కాగితం కనబడుతోంది. ‘పెద్దవారిని చూసుకొనుటకు మనుషులు పంపబడును. 12 గంటలు, 24 గంటలు.’ కింద సెల్ నంబరు. చాలామందికి ఆఫీసంటే ఆ సెల్లే. వ్యాపారం కొత్తదే గానీ, అమ్మే సరుకు పాతది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాకి డబ్బొచ్చింది. మిషన్ ఆసుపత్రులు వచ్చాయి, 1958లో కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల పెట్టారు. అయినా పట్టా ఉన్న డాక్టర్లు ఎక్కువగా పట్నాల్లోనే ఆగిపోయారు. ఊళ్ళోకొచ్చింది ఆరెంపీ. సైకిలు, తోలు సంచి, అందులో స్టీలు డబ్బా. గాజు సిరంజి మన పొయ్యి మీదే మరిగేది. డబ్బులు ధాన్యం అమ్మాక ఇచ్చేవారు. ప్రతి జ్వరానికీ ఇంజెక్షను, నీరసానికి సెలైను. ఆ పాపమూ ఆయన ఖాతాలోదే. కానీ పిలిస్తే అర్ధరాత్రి గుమ్మంలో ఉండేవాడు.

తర్వాత నర్సింగ్ హోములు లేచాయి. కింద ఆసుపత్రి, పైన డాక్టరుగారి కాపురం. 2005లో 108, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చి ఎన్నో ప్రాణాలు నిలబెట్టాయి. అయితే రెండిటి చూపూ రోగిని ఆసుపత్రికి చేర్చి వైద్యం చేయించడం మీదే. పక్షవాతం వచ్చి మంచాన పడ్డ మనిషిని ఆ తర్వాత ఎవరు చూడాలి? కోడలు చూస్తుందనుకున్నారు.

ఆ కోడలు హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉంది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటు సంతానం 1.7. అంటే పెద్దవాళ్ళని వంతులేసుకుని చూసుకునే పిల్లలూ తక్కువే. అదే సమయంలో కోనసీమ, నరసాపురం వైపు నుంచి ఆడవాళ్ళు కువైట్, మస్కట్ వెళ్ళి ఇళ్ళలో పనిచేశారు. వాళ్ళలో కొందరు మంచం పట్టినవాళ్ళని పుండ్లు పడకుండా పక్కకి తిప్పడం అక్కడే నేర్చుకొచ్చారు. వాళ్ళకి సర్టిఫికెట్ లేదు, గిరాకీ ఉంది.

పాలకొల్లు దగ్గర మా మేనత్తగారింట్లో మంచం పక్కన ఓ రూళ్ళ పుస్తకం ఉంటుంది, ఏజెన్సీ పంపిన అమ్మాయి రాసేది. ఉదయం ఆరింటి షుగరు, బీపీ, ఏ మాత్ర ఎప్పుడు వేసిందీ, విరోచనం అయిందీ లేనిదీ. రాత్రి ఆ పేజీ ఫోటో అబ్బాయి వాట్సాప్‌కి వెళ్తుంది, వెనకాలే వాయిస్: “ఆయ్, మామ్మగారు రెండిడ్లీలు తిన్నారండి.” పుస్తకం పెట్టమని ఏజెన్సీ చెప్పలేదు. అంతకుముందు ఇంకో ఇంట్లో మందు వెయ్యలేదని మాటపడిందట, అప్పట్నుంచి రాస్తోంది. ఇప్పుడు ఏజెన్సీ అందరిచేతా రాయిస్తోంది. నన్నడిగితే ఈ వ్యాపారంలో అసలు కొత్త సంగతి ఈ పుస్తకమే.

మిగతావి ఆరెంపీ సంచిలోంచి విడిపోయిన ముక్కలు. రక్తానికి ల్యాబు కుర్రాడు తెల్లారగట్లే వస్తాడు, ఫిజియోథెరపీకి ఇంకొకరు, డ్రెస్సింగుకి మరో నర్సు. కరోనా తర్వాత నీళ్ళ పరుపు, ఆక్సిజన్ మిషను కూడా అద్దెకి దొరుకుతున్నాయి. ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషనుకి రాష్ట్రం 2002లోనే చట్టం చేసింది. అది రాసినవాళ్ళ కళ్ళముందున్నవి బోర్డు కట్టిన ఆసుపత్రులు, క్లినిక్కులే. రూళ్ళ పుస్తకం రాసే అమ్మాయి కాదు.

సంక్రాంతికి ఆ అమ్మాయి మూడ్రోజులు సెలవు పెడుతుంది. అమెరికా నుంచొచ్చిన అబ్బాయి పాత పేజీలు చూసుకుంటూ వాళ్ళమ్మకి మాత్రలు వేస్తాడు.