మాజీ సైనికుడంటే క్యాంటీన్ బాటిలేనా? మేము రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

నేను సైన్యంలో ఫిరంగి దళం, అంటే ఆర్టిలరీలో క్లర్కుగా 24 ఏళ్ళు చేసి వచ్చాను. అంటే గన్ను కన్నా టైపు మిషను, తర్వాత కంప్యూటరు ఎక్కువ పట్టుకున్న సైనికుణ్ణి, నవ్వుకోండి పర్లేదు. ఇప్పుడు తాడేపల్లిగూడెం చుట్టుపక్కల మాజీ సైనికుల పెన్షన్ కాయితాలు, చనిపోయినవాళ్ళ భార్యల ఫ్యామిలీ పెన్షన్ పనులు చూసిపెడుతుంటాను. ఫీజేం లేదు, టీ ఇస్తే తాగుతాను.

ముందు బాటిల్ సంగతి తేల్చేద్దాం. మిలిటరీ క్యాంటీన్ కార్డు మీద మందు బాటిళ్ళు నెలకి ఇన్నే అని కోటా ఉంటుంది, అది బయట అమ్ముకోడానికి కాదు. పెళ్ళికి పిలిచి, కార్డు చేతిలో పెడుతూనే "అన్నా, ఓ నాలుగు సర్దుతావా" అనేవాళ్ళకి ఇంతకన్నా ఏం చెప్పను.

అపోహ: ఆయన పోతే పెన్షన్ దానంతటదే భార్యకి మారిపోతుంది.

ఇదే అందర్నీ ముంచేది. దానంతటదే ఏదీ మారదండీ. చనిపోయిన సంగతి రక్షణ శాఖ ఆన్‌లైన్ పెన్షన్ సైటు స్పర్శ్‌లో చెప్పాలి, డెత్ సర్టిఫికెట్, పీపీఓ (పెన్షన్ మంజూరు ఆర్డరు), ఆధార్, పాన్, బ్యాంకు వివరాలు పెట్టాలి, అన్నిటికన్నా ముందు ఆర్మీ రికార్డులో ఉన్న భార్య పేరూ ఆధార్‌లో పేరూ ఒకటే అవ్వాలి. మన తెలుగోళ్ళకి తిప్పలన్నీ ఇక్కడే. జవాను పెళ్ళి చేసుకొచ్చాక యూనిట్‌లో పార్ట్ టూ ఆర్డర్ అని ఒకటి వేస్తారు, భార్య పేరు రికార్డులోకి ఎక్కేది దాంతోనే. ఇతనేమో ఇంట్లో పిలిచే పేరు చెప్తాడు, అవతల రాసుకునే క్లర్కుది ఏ బీహారో హర్యానానో, ఇంటిపేరు ముందొస్తుందని అతనికి తెలీదు, చెవికి ఎలా వినిపిస్తే అలా రాసేస్తాడు. మొన్నామధ్య ఒక పెద్దావిడ వచ్చింది, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన డిశ్చార్జ్ బుక్ పట్టుకుని. ఇంట్లో సత్తెమ్మ, ఆధార్‌లో సత్యవతి, డిశ్చార్జ్ బుక్‌లో సత్వతి. పుట్టిన తేదీ జూలై 1, తేదీ తెలియనివాళ్ళందరికీ పడేది అదే కదా, ఆధార్‌లో మళ్ళీ వేరే ఏడాది. ముగ్గురు మనుషులైపోయింది పాపం ఒకావిడే. అఫిడవిట్, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం సంతకం, నాసిక్ రోడ్‌లో ఉండే ఆర్టిలరీ రికార్డ్ ఆఫీస్‌కి కాయితాలు, మళ్ళీ వాళ్ళడిగినవి ఇంకోసారి, ఇలా నెలలు పట్టింది. ఈ లోపు ఆయన ఖాతాలో పడిన పెన్షన్ ఏటీఎం‌లో తీసేశాడు కొడుకు, అది తర్వాత రికవరీ కింద కోసేశారు. తప్పు ఎవరిదీ అంటే ఏం చెప్తాం, నేనూ క్లర్కునే, నా చేత్తో ఇలాంటి పేర్లు ఎన్ని రాశానో అనిపిస్తుంది ఒక్కోసారి.

కాబట్టి ఆయన బతికుండగానే, ఇంట్లో కూర్చుని, డిశ్చార్జ్ బుక్కూ పీపీఓ ఆధార్ మూడూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూసుకోండి. ఏడాదికోసారి లైఫ్ సర్టిఫికెట్ మర్చిపోవద్దు, అది లేకపోతే పెన్షన్ ఆగిపోతుంది. ఈసీహెచ్ఎస్ వైద్యం కార్డు కూడా అంతే, 2003 నుంచి స్కీమ్ ఉంది గానీ దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళకే కార్డు.

అపోహ: మిలిటరీలో చేసినోళ్ళందరికీ పెన్షన్ ఉంటుంది, ఐదెకరాల భూమి కూడా ఇస్తారు.

భూమి సంగతి ఎలా ఉంటుందంటే, దరఖాస్తు పెట్టాలి, అర్హత ఉండాలి, ఇవ్వడానికి సర్కారు దగ్గర భూమీ ఉండాలి. పెన్షన్ అయితే జవానుకి మామూలుగా 15 ఏళ్ళ సర్వీసు నిండాలి. ఏ ఇంటి గొడవల వల్లో మధ్యలో వచ్చేసినవాళ్ళు ఊరికొకరైనా ఉంటారు, యుద్ధం చేసినవాళ్ళయినా సరే నెలకి రూపాయి రాదు. హవల్దార్ ర్యాంకు దాకా చేసి, పెన్షన్ లేక, 65 దాటి, గడవని స్థితిలో ఉంటే పెన్యూరీ గ్రాంట్ అని ఉంది, వాళ్ళ భార్యలకి కూడా. చాలా ఏళ్ళు నెలకి 4,000 ఇచ్చారు, 2025 నవంబర్ నుంచి 8,000 చేశారు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారానే పెట్టుకోవాలి. డిసెంబర్ 7న ఆఫీసుల్లో స్టిక్కర్ అంటించి పదో పరకో తీసుకుంటారే, ఫ్లాగ్ డే అని, "ఎవడి జేబులోకో" అనుకుంటూ ఇస్తాం కదా, ఈ గ్రాంటుకి డబ్బు ఆ నిధి నుంచే. 1949 నుంచీ నడుస్తోంది అది.

అపోహ: మా తాతగారు యుద్ధంలో పోయారు, ఢిల్లీ వార్ మెమోరియల్‌లో పేరు ఉండే ఉంటుంది.

మా పక్కనే మాధవరం, మిలిటరీ మాధవరం అంటేనే జనానికి తెలుస్తుంది, రెండు ప్రపంచ యుద్ధాలకీ మనుషుల్ని పంపిన ఊరు. అందుకే ఈ ప్రశ్న మాకు ఎక్కువ వస్తుంది. 2019 ఫిబ్రవరి 25న ప్రారంభించిన నేషనల్ వార్ మెమోరియల్‌లో ఉన్నవి స్వతంత్రం వచ్చాక పోయినవాళ్ళ పేర్లు. ఇండియా గేట్ మీదవేమో మొదటి ప్రపంచ యుద్ధం, 1919 ఆఫ్ఘన్ యుద్ధం నాటివి. తాతగారు 1942లో సింగపూర్ వైపో బర్మా వైపో వెళ్ళి తిరిగి రాకపోయి ఉంటే ఆ రెండు చోట్లా దొరకరు. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వాళ్ళ సైట్‌లో వెతకాలి, ఊరికే చూడొచ్చు. సింగపూర్ క్రాంజీలో, రంగూన్ దగ్గర టౌక్యాన్‌లో రాళ్ళ మీద మనవాళ్ళ పేర్లున్నాయి. కొందరికి తండ్రి పేరు, ఊరి పేరు కూడా రాసి ఉంటాయి. ఇక్కడా అదే గోల, స్పెల్లింగు. రామయ్యని నాలుగైదు రకాలుగా కొట్టి చూడాలి.

అపోహ: రిటైరయ్యాక యూనిట్‌తో ఇంకేం సంబంధం, రెజిమెంట్ అనేదంతా సెంటిమెంటు.

గన్నర్లకి, అంటే మా ఆర్టిలరీవాళ్ళకి, కలర్స్ అని విడిగా జెండా ఉండదు, గన్నులే మా జెండా. సెప్టెంబర్ 28 గన్నర్స్ డే, ఆ రోజు ఎనభై ఏళ్ళ ముసలాయన కూడా పాత బెరెట్ టోపీ వెతుక్కుంటాడు. యూనిట్ పుట్టిన రోజు, రైజింగ్ డేకి పాతవాళ్ళనీ వీర్ నారీలనీ (అమరుల భార్యల్నీ) పిలుస్తారు, పొద్దున స్మారకం దగ్గర పుష్పగుచ్ఛం, తర్వాత బడాఖానా, అంటే అందరూ కలిసి భోజనం. సెంటిమెంటేనా అంటే, పైన చెప్పిన సత్తెమ్మగారి కేసులో ఆయన పెళ్ళి నాటి పార్ట్ టూ ఆర్డర్ కాపీ దొరికింది యూనిట్ పాతవాళ్ళ వాట్సాప్ గ్రూపులోనే, రాజస్థాన్‌లో ఉన్న ఒక సుబేదార్ సాబ్ అటక మీద పెట్టెలోంచి తీసి ఫోటో పెట్టాడు. ఆయనకీ సత్తెమ్మగారికీ భాష కూడా కలవదు. మన సూర్యాపేట కల్నల్ సంతోష్‌బాబు 2020 జూన్‌లో గల్వాన్‌లో పోయింది 16 బీహార్‌కి కమాండింగ్ ఆఫీసర్‌గా ఉండగా. ఏ రాష్ట్రం వాడివి అని రెజిమెంట్ అడగదు.

సన్మానాల గురించి కూడా ఓ మాట. ఆగస్టు 15కి పిలిచి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని రెండు గంటలు ఎండలో నిలబెట్టి ఒక శాలువా కప్పుతారు, దానికన్నా ఆ కుర్చీలేవో ముందు వేస్తే బాగుంటుంది. వెటరన్స్ డే జనవరి 14, ఫీల్డ్ మార్షల్ కరియప్ప 1953లో రిటైరైన రోజు. మా గోదావరి జిల్లాల్లో ఆ రోజు ఎక్కడ చూసినా కోడిపందేలే, మీటింగ్ పెడితే మా సంఘం సెక్రటరీయే రాడు.

ఇక చివరిది, మాజీ సైనికుడు పోతే తుపాకులు పేల్చి జెండా కప్పుతారని. ప్రతి ఒక్కరికీ గౌరవ వందనం ఉండదు. అధికారిక సైనిక లాంఛనాలు లేకుండా మనంతట మనం జెండా కప్పడానికి ఫ్లాగ్ కోడ్ ఒప్పుకోదు, చితి మీద కాల్చడం అసలే కూడదు. మేం చేసేదల్లా మెడల్స్ పెట్టుకుని వెళ్ళి, వరసగా నిలబడి సెల్యూట్ కొట్టి, బ్లూటూత్ స్పీకర్లో లాస్ట్ పోస్ట్ అనే వీడ్కోలు బ్యూగిల్ వేస్తాం. మొదటిసారి ఫోన్లో ఆన్‌లైన్ వీడియో పెడితే సరిగ్గా మధ్యలో సిమెంట్ యాడ్ వచ్చింది, ఎవరం కదల్లేదు, యాడ్ అయ్యేదాకా సెల్యూట్‌లోనే ఉన్నాం. ఆ సాయంత్రమే ఫైల్ డౌన్‌లోడ్ చేసి నలుగురి ఫోన్లలో వేశాను.