కంట్లో పువ్వు ఎలా వేస్తుంది?

గాజువాక ఆటోనగర్‌లో గ్రైండింగ్ పని చేసేవాళ్లకు కంట్లో ఇనపరజను పడడం పెద్ద విషయం కాదు. పక్కవాడు రుమాలు కొస తడిపి, రెప్ప ఎత్తి, నలుసు తీసేస్తాడు. టీ తాగి మళ్లీ పని.

నలుసు పోతుంది గానీ గీరిన చోటు అలాగే ఉంటుంది. నల్లగుడ్డు మీద వాచీ అద్దంలా అమరిన పొర కార్నియా. మందం అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. రక్తనాళాలు ఉండవు, ఆక్సిజన్‌ను కన్నీటి గుండా గాలి నుంచే తీసుకుంటుంది. లోపలి కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులు మగ్గం మీద దారాల్లా సమానమైన ఎడంతో ఉండబట్టే వెలుతురు చెదరకుండా దాటుతుంది. పైపొర కొద్దిగా గీరుకుంటే ఒకటి రెండు రోజుల్లో దానంతటదే పూడుతుంది. ఈలోగా సూక్ష్మజీవి దూరితేనే చిక్కు.

సూడోమోనాస్ బ్యాక్టీరియా రెండు రోజుల్లోనే కార్నియాను కరిగించేయగలదు. కాంటాక్ట్ లెన్సుతోనే నిద్రపోయేవాళ్లకు దీని భయం ఎక్కువ. విశాఖ జిల్లా పద్మనాభం వైపు కోతల్లో వరి ఆకు గీసుకుంటే ఫ్యుజేరియం, ఆస్పర్‌జిల్లస్ లాంటి బూజులు పట్టొచ్చు. ఇవి నిదానంగా పాకుతాయి. 'రేపు చూపించుకుందాంలే' అనిపించేది అందుకే.

నష్టమంతా క్రిముల పనే కాదు. వాటిని చంపడానికి వచ్చిన తెల్లరక్తకణాలు వదిలే ఎంజైములు కొల్లాజెన్‌నూ కొరికేస్తాయి. ముదిరితే కార్నియా వెనక, అడుగున చీము తెల్లటి గీతలా పేరుకుంటుంది. పుండు మానేటప్పుడు కొత్త పోగులు పడతాయి, పాత వరస మాత్రం రాదు. ఆ చిందరవందర పోగుల మీద వెలుతురు చెదిరి మచ్చ తెల్లగా కనబడుతుంది. మన పెద్దవాళ్లు 'పువ్వేసింది' అనేది దీన్నే.

చనుబాలు, ఆముదం పోయడం ఎలాగూ తప్పే. నాకు వాటికంటే భయం మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ చుక్కలంటే. ఎరుపు తగ్గుతుంది, మంట తగ్గుతుంది, లోపల బూజుకు అడ్డు లేకుండా పోతుంది.

డాక్టరు రంగు చుక్క వేసి నీలి లైటులో చూస్తే పుండు పచ్చగా మెరుస్తుంది. దాన్ని కాస్త గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కేసి మైక్రోస్కోపు కింద పెడితే బూజు పోగులు నిమిషాల్లో కనిపించొచ్చు. అప్పుడు నాటమైసిన్. పాలలాంటి ఈ మందును సీసా బాగా కుదిపి, మొదట్లో గంట గంటకూ, తర్వాత వారాల తరబడి వేయాలి.

పువ్వు అంచున ఉంటే చూపుకు పెద్దగా అడ్డు రాదు. నడిమధ్య దట్టంగా పడితే దానం చేసిన కార్నియా అతకాల్సిందే. అక్కడా ఒక మెలిక ఉంది. ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు కార్నియాలోకి రక్తనాళాలు పాకివుంటే, వాటి దారినే రక్షణ కణాలు వచ్చి కొత్త పొరను పరాయిదని పసిగట్టి దాడి చేయొచ్చు.