గుడ్డు మీద సింహం ముద్ర వెనుక కథ

బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్లు అక్కడి గుడ్ల మీద చిన్న ఎర్ర సింహం ముద్ర చూసే ఉంటారు. ఆ ముద్ర వెనుక ఒక మంత్రి రాజీనామా ఉంది.

1988 డిసెంబర్ 3న ఆరోగ్య శాఖ జూనియర్ మంత్రి ఎడ్వినా కర్రీ, దేశంలో ఉత్పత్తయ్యే గుడ్లలో చాలావాటికి సాల్మొనెల్లా అనే, కడుపు జబ్బు తెచ్చే బ్యాక్టీరియా ఉందని టీవీ వాళ్లతో అనేశారు. జనం గుడ్లు కొనడం మానేశారు, పౌల్ట్రీ రైతులు భగ్గుమన్నారు. రెండు వారాలు తిరక్కుండానే ఆమె పదవి పోయింది. ‘చాలావాటికి’ అనడం అతే. కానీ రోగం మాత్రం నిజమే.

దాన్ని తెచ్చిన బ్యాక్టీరియా రకం పేరు సాల్మొనెల్లా ఎంటరైటిడిస్. ఇది కొత్తదేమీ కాదు. 1888లోనే జర్మనీలో జబ్బు ఆవు మాంసం తిని జనం మంచాన పడితే, ఆగస్ట్ గార్ట్‌నర్ అనే శాస్త్రవేత్త ఆ మాంసంలోనూ, చనిపోయిన మనిషి శరీరంలోనూ దీన్ని పట్టుకున్నారు. మరి వందేళ్ల తర్వాత కోళ్ల మీద ఎందుకు పడింది? దీనికి కొందరు శాస్త్రవేత్తలు చెప్పే కారణం వింతగా ఉంటుంది. పూర్వం కోళ్లను చంపే సాల్మొనెల్లా రకాలు వేరే రెండు ఉండేవి: పుల్లోరం, గాలినారం. రక్తపరీక్షలు చేసి, సోకిన కోళ్లను ఏరివేసి, 1970ల కల్లా బ్రిటన్, అమెరికా ఫారాల్లో వాటిని దాదాపు లేకుండా చేశారు. వాటికి, ఎంటరైటిడిస్‌కు పైపొర పోలిక దగ్గర కాబట్టి, వాటిని తట్టుకున్న కోడి దీన్నీ తట్టుకునేది. పాత రోగంతోపాటు కోళ్లలో దాని వల్ల వచ్చిన రక్షణ కూడా పోయి, ఆ ఖాళీలోకి ఇది దూరిందని వాళ్ల వాదన.

దీని అసలు ప్రమాదం వేరే చోట ఉంది. కోడి హుషారుగానే ఉంటుంది, మేత తింటుంది, గుడ్లు పెడుతుంది. బ్యాక్టీరియా మాత్రం దాని అండాశయంలో ఉండి, పెంకు ఏర్పడకముందే గుడ్డులోకి చేరుతుంది. అలాంటి గుడ్డును పైన ఎంత కడిగినా లాభం లేదు. పచ్చసొన గట్టిపడేదాకా ఉడికిస్తే చస్తుంది. హాఫ్ బాయిల్, పచ్చి గుడ్డుతో ఇంట్లో చేసిన మయోనైజ్ దగ్గరే టెన్షన్.

గుడ్డు నేరుగా తినకపోయినా తప్పించుకోలేం. 1994లో అమెరికాలో ఒక ఐస్‌క్రీమ్ వల్ల సుమారు 2,24,000 మంది జబ్బుపడ్డారని అంచనా. పాశ్చరైజ్ చేయని పచ్చి గుడ్ల సొన మోసిన ట్యాంకర్లలోనే ఆ తర్వాత ఐస్‌క్రీమ్ మిశ్రమాన్ని తెచ్చారు.

బ్రిటన్‌లో మొదట లక్షల కోళ్లను చంపారు. కానీ పరిస్థితిని మార్చింది టీకా. గుడ్లు పెట్టే కోళ్లకు టీకా తప్పనిసరి చేస్తూ 1998లో పరిశ్రమే సింహం ముద్ర పథకం తెచ్చింది. ఆ తర్వాత కేసులు బాగా తగ్గాయి. గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధులు కూడా సింహం ముద్ర గుడ్లను సగం ఉడికించి తినవచ్చని 2017లో అక్కడి ఆహార ప్రమాణాల సంస్థ చెప్పింది. ముద్ర లేని గుడ్లకు, బాతు గుడ్లకు అప్పుడు ఆ మాట వర్తించలేదు.