పొయ్యి వెలిగించని అద్దెదారు

మా పెద్దమ్మకు జ్వరం వచ్చిందంటే మూతి పేలాల్సిందే. అదీ కింది పెదవి ఎడమ మూలనే. ముందురోజు అక్కడ చిమచిమలాడుతుంది, తెల్లారేసరికి నీటిపొక్కులు గుత్తిగా లేస్తాయి. "లోపలి వేడి బయటికి తన్నింది, ఇక జ్వరం దిగిపోతుంది" అంటుంది. మొన్న మాత్రం ఆవిడకే అనుమానం వచ్చింది: "వేడే అయితే ఒళ్లంతా వదిలేసి ఎప్పుడూ అక్కడే ఎందుకురా?"

ఆ పొక్కులు హెర్పిస్ సింప్లెక్స్ టైప్ 1 వైరస్ పని. పేరు వినగానే మొహం అదోలా పెట్టక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 50 ఏళ్లలోపు వాళ్లలో సుమారు 380 కోట్ల మందిలో ఇది ఉంది. చాలామందికి చిన్నప్పుడే పెద్దల ముద్దులతో అంటుకుంటుంది.

పొక్కు మానాక వైరస్ కాపురం పెదవిలో ఉండదు. పెదవిలోని నాడి కొసలోకి దూరి, నాడీకణం తన సరుకు మోసుకోవడానికి వేసుకున్న పట్టాల మీదే వెనక్కి పోయి, పుర్రె అడుగున ట్రైజెమినల్ గ్యాంగ్లియాన్ అనే నాడీకణాల ముడిలో దిగుతుంది. పాఠాల్లో ఇక్కడ "వైరస్ నిద్రపోతుంది" అని ఒక్క ముక్క చెప్పి పేజీ తిప్పేస్తారు. అసలు కథంతా ఆ ముక్కలోనే ఉంది.

1971లో జాక్ స్టీవెన్స్, మార్జరీ కుక్ ఎలుకల పాదాల్లోకి ఈ వైరస్‌ను ఎక్కించారు. జబ్బు నయమయ్యాక వెన్నుపాము పక్కనున్న గ్యాంగ్లియాన్లు తీసి నూరి వెతికితే వైరస్ జాడ లేదు. అవే గ్యాంగ్లియాన్లను నూరకుండా కొన్నాళ్లు బతికించి ఉంచితే వైరస్ బయటపడింది!

ఒంట్లోనే ఉండీ అన్నాళ్లు ఎలా దాగిందంటే, దాదాపు ప్రతి కణమూ లోపల తయారయ్యే ప్రొటీన్ల తునకలను తన గుమ్మం ముందు పెడుతుంది. ఒంటికి కాపలాగా గస్తీ తిరిగే టీ కణాలు (తెల్ల రక్తకణాల్లో ఒక రకం) ఆ చెత్తబుట్ట చూసి లోపల ఏం వండుతున్నారో పట్టేస్తాయి. మన అద్దెదారు, అంటే ఈ వైరస్, అసలు పొయ్యే వెలిగించడు. పోపు వాసన లేదు, బుట్టలో తొక్కల్లేవు. వంటల పుస్తకం మాత్రం లోపలే ఉంది: సుమారు 1,52,000 అక్షరాల డీఎన్ఏ, ఉంగరంలా మూసుకుని, హిస్టోన్లనే రీళ్లకు బిగుతుగా చుట్టుకుని.

పొయ్యి ఎందుకు వెలగదు? అగ్గిపెట్టె దారిలో జారిపోయింది కనుక. వైరస్ వెంట వీపీ16 అనే ప్రొటీన్ వస్తుంది, మొదటి జన్యువులను రాజేసేది అదే. చర్మకణంలో కేంద్రకం పక్కనే, కాబట్టి పుల్ల గీసేస్తుంది. నాడిలో దారి వైరస్ తన పొడవుకు కొన్ని లక్షల రెట్లు. డీఎన్ఏ డబ్బా కేంద్రకం చేరేసరికి వీపీ16 వెనకబడిపోతుందని బలమైన వాదన. పైగా లాట్ అనే ఆర్ఎన్ఏ ఒకటి తయారవుతూనే ఉంటుంది. దాన్నుంచి ప్రొటీన్ పుట్టదు కాబట్టి బుట్టలో ఏమీ పడదు. దాని చుట్టుపక్కల పుట్టే మైక్రో ఆర్ఎన్ఏలనే బుల్లి ముక్కలు కొన్ని ఐసీపీ0, ఐసీపీ4 అనే వైరస్ ప్రొటీన్ల తయారీ సందేశాలను నొక్కేస్తాయి. మళ్లీ మంట అంటుకోవాలంటే ఆ రెండూ కావాలి. నాడీకణం విభజన చెందదు కనుక డీఎన్ఏకు నకళ్లు తీసుకోవాల్సిన పనీ లేదు. ఇల్లు కూలదు, అద్దె అడిగేవాడు లేడు.

జ్వరమో, ఎండో, టెన్షనో నాడీకణాన్ని ఇబ్బంది పెడితే జేఎన్‌కే అనే ఎంజైమ్ దారి చురుకవుతుంది. హిస్టోన్ల మీద ఫాస్ఫేట్లు పడి చుట్లు వదులవుతాయి. ఎలుక నాడీకణాల్లో ఇది స్పష్టంగా చూశారు. అగ్గిపెట్టె లేకుండానే పొయ్యి రాజుకుంటుందన్నమాట. కొత్త వైరస్‌లు వచ్చిన నాడి వెంటే దిగుతాయి. పెద్దమ్మ ఎడమ మూలకు జవాబు అదే.

ఆటలమ్మ వైరస్‌ది కూడా ఇదే వంశం. అది నాడుల్లో దాగి ముసలితనంలో సర్పిగా లేస్తుంది. తలా తోకా కలిసి నడుము చుట్టేస్తే మనిషి దక్కడని భయపెడతారు. ఒక్కో గ్యాంగ్లియాన్ ఒంటికి ఒక పక్కనే చూసుకుంటుంది కనుక మామూలుగా ఆ పాము నడిమధ్యలోనే ఆగిపోతుంది.

"మరి మందేసి తరిమేయొచ్చుగా?" అంది పెద్దమ్మ. ఎసైక్లోవిర్ ఉంది. కాకపోతే అది పనిచెయ్యాలంటే వైరస్ తయారుచేసే థైమిడిన్ కైనేజ్ అనే ఎంజైమే దాన్ని ముందు మార్చాలి. పొయ్యి వెలగని ఇంట్లో ఆ ఎంజైమూ ఉండదు. చిమచిమ మొదలైన రోజే వేసుకోమని డాక్టర్లు అనేది అందుకే.