రిసీవర్ పోయిందనుకునే ముందు: రేసింగ్ డ్రోన్ లింకుపై అపోహలు - వాస్తవాలు

రేసింగ్ డ్రోన్లు కట్టుకునే కుర్రాళ్లు నా బల్ల దగ్గరకు తెచ్చే ఫిర్యాదుల్లో తరచుగా వినిపించే మాట "అన్నా, రిసీవర్ పోయింది." విప్పి చూస్తే చాలాసార్లు రిసీవర్ (డ్రోన్‌లో ఉండి రిమోట్ సిగ్నల్‌ను అందుకునే చిన్న భాగం) నిక్షేపంలా ఉంటుంది. లోపం దానికి అటో ఇటో ఉంటుంది. ఈలోపు వాళ్లు కొత్తది తెప్పించుకుని, అదీ పలకక, చేతిలో డబ్బు అయిపోయి, ఉత్సాహం చచ్చిపోయి వస్తారు. అది చూస్తే నాకు బాధేస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

రిమోట్ మీద స్టిక్ కదిపితే ఆ కదలిక రెండు దారులు దాటాలి. రిమోట్ నుంచి రిసీవర్ దాకా గాలిదారి. రిసీవర్ నుంచి ఫ్లైట్ కంట్రోలర్ దాకా, అంటే డ్రోన్‌ను నడిపే బోర్డు దాకా, తీగదారి. ఏ దారి తెగిందో తేల్చుకోకుండా బైండ్ చేయడం (రిమోట్‌ను, రిసీవర్‌ను జత చేయడం), ఫర్మ్‌వేర్ (లోపల నడిచే సాఫ్ట్‌వేర్) మార్చడం, సోల్డర్ ఊడదీయడం మొదలుపెడితే ఒక లోపం నాలుగవుతుంది. గాలిదారి సంగతి రిసీవర్ మీది లైటు చెబుతుంది. తీగదారి సంగతి బీటాఫ్లైట్ (బోర్డును నడిపే సాఫ్ట్‌వేర్, కంప్యూటర్‌కు కలిపి చూస్తాం) రిసీవర్ ట్యాబ్‌లోని బార్లు చెబుతాయి, స్టిక్ కదిపితే అవి కదలాలి. ఈ రెండూ చూడకుండా సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవద్దు.

ఇప్పుడు ఎక్కువమంది చేతుల్లో ఉన్నది 2.4 గిగాహెర్ట్జ్ ఎక్స్‌ప్రెస్‌ఎల్‌ఆర్‌ఎస్ (ఒక రేడియో లింకు పద్ధతి) రిసీవర్, బీటాఫ్లైట్ నడిచే ఫ్లైట్ కంట్రోలర్. నేను చెప్పేదంతా ఆ జోడీ గురించే. మొదలుపెట్టే ముందు ప్రొపెల్లర్లు నాలుగూ విప్పి పక్కన పెట్టండి. 5 అంగుళాల ప్రొపెల్లర్ వేలిని ఏం చేయగలదో నేను కళ్లారా చూశాను.

అపోహ: లైటు నిలకడగా వెలుగుతోందంటే లింకు కుదిరినట్టే.

వాస్తవం: ఈ ఒక్క నమ్మకం వల్ల పోయినంత డబ్బు ఇంకే తప్పు వల్లా పోలేదేమో. ఇంజనీరింగ్ రెండో ఏడాది చదివే ఒక అబ్బాయి మూడో రిసీవర్‌తో వచ్చాడు. మూడింటికీ ఒకటే జబ్బు. బ్యాటరీ పెట్టగానే లైటు నిలకడగా వెలుగుతుంది, బీటాఫ్లైట్‌లో మాత్రం బార్లు కదలవు. "లింకు ఉంది కదన్నా, మరి బోర్డే పోయిందా?" అని అడిగాడు. రిమోట్ ఆపేయమన్నాను. ఆపాడు. లైటు అలాగే వెలుగుతోంది. రిమోట్ ఆపినా ఆరని లైటు లింకు లైటు ఎలా అవుతుంది?

రిమోట్ ఆన్ చేయకముందే, కరెంటు తగలగానే లైటు నిలకడగా వెలిగితే రిసీవర్ బూట్‌లోడర్‌లో చిక్కుకుందని అర్థం. ఫర్మ్‌వేర్ ఎక్కించడానికి ఎదురుచూసే స్థితి అది. బూట్ బటన్ ఎక్కడైనా నొక్కుకుపోయినా ఇలా అవుతుంది. ష్రింక్ ట్యూబ్ బిగుతుగా వేస్తే ఆ బటన్ నొక్కుకుపోవడం మామూలే. తీగ తప్పు ప్యాడ్‌కు (బోర్డు మీద తీగ సోల్డర్ చేసే చోటుకు) వేసి, ఆ ప్యాడ్ సిగ్నల్‌ను కిందికి లాగేస్తున్నా ఇలాగే అవుతుంది. ఈ అబ్బాయిది ఎఫ్4 రకం చిప్ ఉన్న బోర్డు. ఎస్‌బస్ అని రాసి ఉన్న ప్యాడ్‌కు తీగ వేశాడు. "రిసీవర్ అంటే ఎస్‌బస్ కదా" అన్నాడు. పాత వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్లు అలా అనుకోవడంలో తప్పులేదు.

ఎస్‌బస్ అనేది రిసీవర్ బోర్డుతో మాట్లాడే పాత భాష, దాని సిగ్నల్ తలకిందులుగా వస్తుంది. ఎఫ్4 చిప్ దాన్ని నేరుగా చదవలేదు కాబట్టి బోర్డు తయారుచేసేవాళ్లు ఆ ప్యాడ్ వెనక సిగ్నల్‌ను తిప్పే ఇన్వర్టర్ పెడతారు. ఎక్స్‌ప్రెస్‌ఎల్‌ఆర్‌ఎస్ మాట్లాడే భాష సీఆర్‌ఎస్‌ఎఫ్, అది తలకిందులు కాదు. దాన్ని ఆ ప్యాడ్‌కు వేస్తే మాట చేరకముందే తిరగబడిపోతుంది. ఎఫ్7, హెచ్7 చిప్‌లు తిప్పడం, తిప్పకపోవడం తమలో తామే చూసుకుంటాయి కాబట్టి వాటితో ఈ బెడద తక్కువ. ఆ తీగ ఊడదీసి మళ్లీ కరెంటు ఇవ్వగానే లైటు మెల్లగా కొట్టుకోవడం మొదలుపెట్టింది. మామూలు యూఆర్ట్ (సమాచారం ఇచ్చిపుచ్చుకునే సీరియల్ పోర్టు) ప్యాడ్‌కు మార్చాం, రిమోట్ ఆన్ చేశాం, బార్లు కదిలాయి. అతని మూడు రిసీవర్లూ బాగానే ఉన్నాయి.

కాబట్టి లైటు చూసేటప్పుడు రిమోట్ ఆపి ఒకసారి, ఆన్ చేసి ఒకసారి చూడండి. రెండింటికీ తేడా ఉండాలి.

అపోహ: లైటు గబగబా కొట్టుకుంటోందంటే లోపల ఏదో కాలింది.

వాస్తవం: వైఫై ఆన్ అయింది, అంతే. మామూలు సెట్టింగ్‌లో 60 సెకన్ల దాకా రిమోట్ దొరక్కపోతే రిసీవర్ తనంతట తానే వైఫై మోడ్‌లోకి వెళుతుంది. ఆ తర్వాత రిమోట్ ఆన్ చేసినా పట్టించుకోదు. బ్యాటరీ తీసి మళ్లీ పెట్టి, నిమిషంలోపు రిమోట్ ఆన్ చేయండి. ఒకే రంగు లైటున్న రిసీవర్లలో మెల్లగా కొట్టుకుంటే రిమోట్ కోసం చూస్తోందని, రెండేసి సార్లు కొట్టుకుంటే బైండ్ మోడ్‌లో ఉందని గుర్తు. మూడేసి సార్లు కొట్టుకుంటే లింకు కుదిరింది కానీ మోడల్ మ్యాచ్ కుదరలేదని. ఈ మూడోదాన్ని ఎవరూ పట్టించుకోరు. రిమోట్‌లో రెండో డ్రోన్ మోడల్ ఎంచుకుని మొదటి డ్రోన్ ముందు కూర్చుంటే జరిగేది ఇదే. గాలిదారి బాగున్నా రిసీవర్ కావాలనే స్టిక్కుల సమాచారాన్ని బోర్డుకు పంపదు. తప్పు మోడల్‌తో మోటార్లు తిరగకుండా కాపాడే ఏర్పాటు అది. సరైన మోడల్ ఎంచుకోండి, లేదా రిమోట్‌లోని ఎక్స్‌ప్రెస్‌ఎల్‌ఆర్‌ఎస్ మెనూలో మోడల్ మ్యాచ్ సెట్టింగ్ సరిచూడండి.

అపోహ: బైండ్ కాకపోతే అయ్యేదాకా మళ్లీ మళ్లీ ప్రయత్నించాలి.

వాస్తవం: కారణం తెలియకుండా యాభైసార్లు చేసినా కాదు. ముందు రెండువైపులా ఫర్మ్‌వేర్ వెర్షన్ చూడండి. మొదటి అంకె కలవాలి. రిమోట్‌లో 3తో మొదలయ్యేది, రిసీవర్‌లో 2తో మొదలయ్యేది ఉంటే అవి ఎప్పటికీ కలవవు. కొత్త రిమోట్ కొని పాత డ్రోన్‌కు కలపబోయేవాళ్లకు తగిలే దెబ్బ ఇదే. తర్వాత బైండింగ్ ఫ్రేజ్, అంటే రెండువైపులా పెట్టే పాస్‌వర్డ్ లాంటి మాట. పెద్ద అక్షరం, చిన్న అక్షరం, మధ్యలో ఖాళీ, అన్నీ అచ్చంగా ఒకేలా ఉండాలి. ఫోన్‌లో టైప్ చేస్తే మొదటి అక్షరం దానంతట అదే పెద్దదైపోతుంది, చూసుకోండి. ఫర్మ్‌వేర్ ఎక్కించేటప్పుడు ఎంచుకున్న డొమైన్ (ఏ ప్రాంతపు రేడియో నియమాల ప్రకారం నడవాలన్న సెట్టింగ్) కూడా రెండువైపులా ఒకటే కావాలి. ఒకవైపు యూరప్ వాళ్ల ఎల్‌బీటీ, ఇంకోవైపు మామూలు ఐఎస్‌ఎం ఉంటే లింకు రాదు.

సందర్భం వచ్చింది కాబట్టి ఇంకో మాట. ఎక్కువ దూరం వస్తుందని 915 మెగాహెర్ట్జ్ సామాను కొనకండి. అది 903 నుంచి 927 మధ్య తిరుగుతుంది. అందులో కొంత భాగం మన దేశంలో మొబైల్ ఫోన్లది. మన దేశంలో లైసెన్స్ అక్కర్లేని 865-868 మెగాహెర్ట్జ్ బ్యాండ్ కోసం ఎక్స్‌ప్రెస్‌ఎల్‌ఆర్‌ఎస్‌లో ప్రత్యేకంగా ఇండియా డొమైనే ఉంది. అయినా రేసింగ్‌కు 2.4 చాలు.

అపోహ: టీఎక్స్‌ను టీఎక్స్‌కు, ఆర్‌ఎక్స్‌ను ఆర్‌ఎక్స్‌కు కలపాలి.

వాస్తవం: టీఎక్స్ అంటే చెప్పేది, ఆర్‌ఎక్స్ అంటే వినేది. ఒకరు చెప్పేది ఇంకొకరు వినాలి. రిసీవర్ టీఎక్స్ బోర్డు ఆర్‌ఎక్స్‌కు, రిసీవర్ ఆర్‌ఎక్స్ బోర్డు టీఎక్స్‌కు. స్టిక్కులు పనిచేస్తూ రిమోట్‌లో బ్యాటరీ వోల్టేజీ మాత్రం కనిపించకపోతే ముందు ఈ రెండో తీగను అనుమానించండి. తీగ వేసిన ప్యాడ్ మీద ఆర్2 అని ఉంటే పోర్ట్స్ ట్యాబ్‌లో యూఆర్ట్2 వరుసలోనే సీరియల్ ఆర్‌ఎక్స్ ఆన్ చేయాలి. రిసీవర్ ట్యాబ్‌లో సీరియల్, దాని కింద సీఆర్‌ఎస్‌ఎఫ్. సేవ్ నొక్కడం మర్చిపోయినవాళ్లు నాకు చాలామంది తెలుసు.

అన్నీ సరిగ్గా ఉండి కూడా బార్లు కదలకపోతే బ్యాటరీ తీసేసి మల్టీమీటర్‌తో తీగ కంటిన్యూటీ (ఎక్కడా తెగకుండా ఉందా లేదా) చూడండి. సోల్డర్ మెరుస్తున్నా లోపల పట్టుకుని ఉండకపోవచ్చు. తీగా బాగుంటే ఖాళీగా ఉన్న ఇంకో యూఆర్ట్‌కు మార్చి చూడండి. క్రాష్‌లో ఒక యూఆర్ట్ చచ్చిపోయి మిగతా బోర్డంతా బాగుండటం నేను చూశాను. ఒక యూఆర్ట్ కోసం బోర్డు మొత్తం పారేయక్కర్లేదు.

అపోహ: యూఎస్‌బీ పెట్టినా లైటు వెలగలేదంటే రిసీవర్ చచ్చింది.

వాస్తవం: చాలా బోర్డుల్లో 5 వోల్టుల ప్యాడ్‌కు యూఎస్‌బీ కరెంటు రాదు, లైపో (డ్రోన్ బ్యాటరీ) పెడితేనే వస్తుంది. కొన్నింటిలో 4.5 వోల్టులని రాసిన ప్యాడ్ విడిగా ఉంటుంది, దానికి యూఎస్‌బీ నుంచీ వస్తుంది. ప్యాడ్ దగ్గర మల్టీమీటర్ పెట్టి కొలవండి. లైపోను స్మోక్ స్టాపర్ (షార్ట్ ఉంటే కరెంటును అదుపు చేసే సాధనం) ద్వారానే పెట్టండి. ఎక్స్‌ప్రెస్‌ఎల్‌ఆర్‌ఎస్ రిసీవర్లకు 5 వోల్టులు సరిపోతాయి కానీ స్పెక్ట్రమ్ కంపెనీ శాటిలైట్ రకం రిసీవర్లకు ఇవ్వాల్సింది 3.3 వోల్టులే. పొరపాటున దానికి 5 ఇస్తే అప్పుడు నిజంగానే పోతుంది.

అపోహ: బార్లు కదిలాయి, మోటార్లు తిరగలేదు. అంటే ఇంకా రిసీవర్‌లోనే లోపం.

వాస్తవం: కాదు. బార్లు కదిలితే రెండు దారులూ బాగున్నట్టే. యూఎస్‌బీతో బీటాఫ్లైట్‌కు కలిపి ఉంచితే డ్రోన్ ఆర్మ్ కాదు (మోటార్లు తిరగడానికి సిద్ధం కాదు), అది భద్రత కోసం పెట్టిందే. ఒక స్టిక్ కదిపితే దానిది కాని బార్ కదులుతుంటే ఛానెల్ వరుస ఏఈటీఆర్‌కు (రోల్, పిచ్, థ్రాటిల్, యా) మార్చండి. థ్రాటిల్ పూర్తిగా దించినప్పుడు 1050 కంటే తక్కువ చూపాలి. ఎక్స్‌ప్రెస్‌ఎల్‌ఆర్‌ఎస్‌లో ఆర్మ్ స్విచ్ ఐదో ఛానెల్ మీద, అంటే ఆక్స్1 మీదే ఉండాలి. ఆ ఛానెల్‌కు ప్రత్యేక స్థానం ఇచ్చారు, స్టిక్కులతోపాటే వెళుతుంది.

అపోహ: సిగ్నల్ తెగిపోతుంటే రిమోట్ పవర్ పెంచాలి.

వాస్తవం: దూరం రెట్టింపు కావాలంటే పవర్ నాలుగు రెట్లు కావాలి. అదే యాంటెనా సరిగ్గా పెడితే ఖర్చు లేకుండా బాగుపడుతుంది. కార్బన్ ఫైబర్ ఫ్రేమ్‌లో కరెంటు పారుతుంది, రేడియో అలల్ని అడ్డుకుంటుంది. యాంటెనాను ఫ్రేమ్‌కు అంటించి టేప్ చుట్టినవాళ్లు గేటు మలుపులో లింకు పోయిందని వాపోతారు. 2.4 గిగాహెర్ట్జ్‌కు అసలు పనిచేసే ముక్క సుమారు 31 మిల్లీమీటర్లే. ఆ ముక్క ఫ్రేమ్‌కు, బ్యాటరీకి దూరంగా బయటికి నిలబడాలి. యాంటెనా కొన మీ వైపు సూటిగా చూస్తుంటే సిగ్నల్ బలహీనంగా వస్తుంది, పక్క భాగం మీకు కనబడేలా పెట్టండి. ప్రతి క్రాష్ తర్వాత రిసీవర్ మీది చిన్న యాంటెనా కనెక్టర్‌ను వేలితో తాకి చూడండి. అది సగం ఊడి ఉంటే బల్ల మీద లింకు వస్తుంది, 50 మీటర్లు దాటగానే పోతుంది. రిమోట్ యాంటెనా లేకుండా మాత్రం ఎప్పుడూ ఆన్ చేయకండి, పంపే చిప్ దెబ్బతినవచ్చు.

గాగుల్స్‌లో ఆర్‌ఎస్‌ఎస్‌ఐ (సిగ్నల్ బలం) ఒక్కటే చూసి టెన్షన్ పడకండి. మైనస్ 90 డీబీఎం చూసి భయపడేవాళ్లున్నారు. 250 హెర్ట్జ్ ప్యాకెట్ రేటులో ఈ రిసీవర్లు మైనస్ 108 దాకా వినగలవు, 500 హెర్ట్జ్‌లో మైనస్ 105 దాకా. ఆ హద్దుకు ఎంత దగ్గరగా ఉన్నారో దాన్ని బట్టి వెనక్కి తిరగండి. ఎల్‌క్యూ అంటే పంపిన ప్యాకెట్లలో నూటికి ఎన్ని చేరాయన్నది. దగ్గర్లోనే ఎగురుతూ అది పడిపోతుంటే యాంటెనానో కనెక్టర్‌నో చూడాల్సిన సమయం వచ్చినట్టు.

అపోహ: ఫెయిల్‌సేఫ్ (లింకు పోతే డ్రోన్‌ను ఆపే ఏర్పాటు) దానంతట అదే పనిచేస్తుంది, పరీక్షించక్కర్లేదు.

వాస్తవం: లింకు పోతే ఎక్స్‌ప్రెస్‌ఎల్‌ఆర్‌ఎస్ రిసీవర్ మామూలుగా బోర్డుకు సమాచారం పంపడం ఆపేస్తుంది. బీటాఫ్లైట్ అది గుర్తించి, మామూలు సెట్టింగ్‌లో మోటార్లు ఆపి డ్రోన్‌ను అక్కడికక్కడే పడేస్తుంది. ట్రాక్ చుట్టూ మనుషులు ఉండే రేసింగ్‌లో నాకు కావాల్సింది అదే. డ్రోన్ విరిగినా పర్వాలేదు, జనం మీదికి వెళ్లకూడదు. కానీ కొన్ని పాత ఎస్‌బస్ రిసీవర్లను చివరి స్టిక్ స్థానాన్నే పట్టుకుని ఉండేలా పెట్టి ఉంటారు. అప్పుడు లింకు పోయిన సంగతి బోర్డుకు తెలియదు, డ్రోన్ అదే థ్రాటిల్‌తో పోతూనే ఉంటుంది.

అందుకే రిసీవర్ మార్చినా, ఫర్మ్‌వేర్ మార్చినా నేను ప్రొపెల్లర్లు లేకుండా ఆర్మ్ చేసి, థ్రాటిల్ కొంచెం లేపి, రిమోట్ ఆపేస్తాను. ఒకటి రెండు సెకన్లలో మోటార్లు ఆగాలి. ఆగకపోతే ఆ రోజు ఆ డ్రోన్‌కు ప్రొపెల్లర్లు బిగించను, ఎవరెంత తొందరపెట్టినా.